తెల్లటి ఐస్‌క్రీంలో ఎర్రటి చార

రెండు రంగుల ఐస్‌క్రీం పిల్లల చేతికిచ్చి చూడండి. స్పూను తిన్నగా దిగనే దిగదు. తెల్లటి భాగాన్ని పక్కకి తోసేసి, ఎర్రటి చార ఎటు పోయిందా అని గనిలో బంగారం వెతికినట్టు సొరంగాలు తవ్వుతారు. చివరికి కప్పులో మిగిలిన తెల్లదాన్ని తినేది తల్లే. ఇంట్లో మిగిలినవన్నీ తినే ఉద్యోగం మనకి ఎలాగూ వుందిగా!

ఆ చారకి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు రాస్‌బెర్రీ రిపిల్. రిపిల్ అంటే చిన్న అల. చెరువులో గులకరాయి వేస్తే లేస్తుందే, అది. వెనిలా ఐస్‌క్రీంలో రాస్‌బెర్రీ పాకాన్ని పూర్తిగా కలిసిపోనివ్వకుండా అలలు అలలుగా తిప్పి వదిలేస్తారు. కలిసిపోతే గులాబీరంగు ముద్ద అవుతుంది. విడిగా పోస్తే పైన పోసిన షర్బత్తు అవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఆగాలి. పులిహోర కలిపేటప్పుడు మెతుకు విరక్కుండా చెయ్యి ఎక్కడ ఆపాలో మనకి తెలుస్తుందే, అలాంటి ఆగడమన్నమాట.

మా చెల్లెలు స్కాట్లండులో డండీ అనే వూళ్ళో వుంటుంది. మరిదిగారు అక్కడ డాక్టరు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడే నేను అసలు రాస్‌బెర్రీ పండుని చేత్తో పట్టుకుని చూడటం. అంతవరకూ నాకు రాస్‌బెర్రీ అంటే సీసాలో పోసిన ఎర్రరంగు నీళ్ళూ, దగ్గుమందు వాసనాను. పండు అలా వుండదండీ. చిన్న చిన్న ఎర్రపూసలు గుదిగుచ్చినట్టు వుంటుంది. కాడ నుంచి లాగితే గింజలాంటి భాగం చెట్టుకే వుండిపోయి, పండు బోలుగా చేతిలోకి వస్తుంది, కుట్టుపనిలో పెట్టుకునే వేలితొడుగులాగా. తియ్యదనం కంటే పులుపు ఓ పాలెక్కువ. గట్టిగా పట్టుకుంటే వేళ్ళ మధ్యే రసం అయిపోతుంది. మన దేశంలో కుమావూఁ కొండల్లో దీని చెల్లెలొకటి పసుపురంగులో కాస్తుంది, హిసాలు అంటారు దాన్ని.

బి.ఏ.లో చరిత్ర చదివిన బుద్ధి వూరికే పోతుందా? ఈ ఎర్రచార ఎవరు పెట్టారూ అని మొదలుపెట్టాను. ఒక్క సంగతి మొదటే కొట్టొచ్చినట్టు కనపడింది. ఈ పేరులో ఏ మనిషీ లేడు. పండు పేరొకటి, అల ఒకటి, అంతే. కాకినాడలో కాజా కొనుక్కుంటే కోటయ్యగారి పేరు చెప్పి కొంటాం. ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుంటే వూరి పేరు చెబుతాం. వేడి కుండమీద బియ్యపు పిండిజావలో ముంచిన గుడ్డ పరిచి రేకు తీసే ఆడవాళ్ళ పేరు ఎవరూ చెప్పరు. 2023లో ఆ పూతరేకులకి ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది కూడాను. గుర్తింపు వూరికి వచ్చింది. అందుకే పేరు లేని వంటకం కనపడితే నాకు వెంటనే అనుమానం వస్తుంది, దీని వెనక ఎవరో ఆడది వుండే వుంటుందని.

అనుమానం వమ్ము కాలేదు.

ఇంగ్లీషులో అచ్చయిన మొదటి ఐస్‌క్రీం తయారీ విధానం 1718 నాటిది. రాసినావిడ మేరీ ఈల్స్. ఆనీ రాణికి మిఠాయిలు చేసేదాన్నని పుస్తకం మీద వేసుకుంది. తగరపు డబ్బాల్లో మీగడ పోసి గట్టిగా మూత పెట్టమంటుంది. తొట్టి అడుగున గడ్డి పరిచి, పద్దెనిమిది, ఇరవై పౌన్ల మంచూ, ఓ పౌను ఉప్పూ వేసి, డబ్బాల చుట్టూ దట్టించి, వెలుతురు సోకని నేలమాళిగలో నాలుగు గంటలు వదిలేయమంటుంది. మంచుకి ఉప్పెందుకు అంటారా? ఉప్పు తగిలితే మంచు కరగడం మొదలెడుతుంది. కరగడానికి కావలసిన వేడిని పక్కనున్న మీగడ నుంచి లాక్కుంటుంది. ఆ ఉప్పునీళ్ళ చలి సున్నాకి ఎంతో కిందికి పోతుంది. ఫిజిక్సు మాస్టారు బోర్డు మీద గీసి చెప్పినా నాకు అర్థంకాని విషయం ఈవిడ తొట్టి చెబితే అర్థమైంది.

మీగడలో రాస్‌బెర్రీ కలపమని రాసినావిడ మరొకరు. ఆవిడ కథ కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

1747లో లండనులో ఓ వంటపుస్తకం వచ్చింది. 'ది ఆర్ట్ ఆఫ్ కుకరీ మేడ్ ప్లెయిన్ అండ్ ఈజీ' దాని పేరు. రచయిత పేరు వుండవలసిన చోట 'ఒక స్త్రీ రాసినది' అని మాత్రం వుంది. పెద్ద పెద్ద మాటలు వాడకుండా, పనిమనిషి చదివినా అర్థమయ్యేలా రాస్తున్నానని ముందుమాటలో చెప్పుకుంది. ఫ్రెంచి వంటవాళ్ళ దుబారా మీద నాలుగు చురకలు కూడా వేసింది. పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది. 1751 నాటి ముద్రణలో ఐస్‌క్రీం చేరింది. ఒకదానిలో ఒకటి పట్టే రెండు తగరపు గిన్నెలు తీసుకో, లోపలి గిన్నెలో మీగడ పోసి రాస్‌బెర్రీలో, నీకు నచ్చిన మరొకటో కలుపు, బయటి గిన్నెలో మంచూ ఉప్పూ నింపు, కాసేపయ్యాక లోపల కలియబెట్టి మళ్ళీ మూత పెట్టు. ఇంతే. చూశారా, నచ్చిన పండు ఏదైనా వేసుకోమంటూనే, ముందుగా ఆవిడ చేతికి తగిలింది రాస్‌బెర్రీ!

ఈవిడ పేరు హన్నా గ్లాస్. పుస్తకం అంత బాగా పోతున్నా ఇల్లు గడవలేదు. భర్త పోయాక లండనులో కూతురితో కలిసి బట్టల కొట్టు నడిపింది. వేల్సు యువరాణి కూడా ఆ కొట్టుకి ఖాతాదారే. గొప్పవాళ్ళ ఖాతాలు ఎలా వుంటాయో మనకి తెలియనిదా? అప్పులు పెరిగి 1754లో దివాలా తీసింది. ఆ ఏడే పుస్తకం హక్కులు అమ్మేసింది. 1757లో అప్పుల ఖైదులో కూచుంది. పుస్తకం మాత్రం కొత్త కొత్త ముద్రణలు వేసుకుంటూ వందేళ్ళు బతికింది, ఇంగ్లండులోనూ, సముద్రం దాటి అమెరికాలోనూ.

అసలు తమాషా ఇప్పుడు చెబుతాను. ఆవిడ చనిపోయి ఎనిమిదేళ్ళయ్యాక, 1778లో, ఓ పుస్తకాల వ్యాపారి ఇంట్లో భోజనాల దగ్గర ఈ పుస్తకం ప్రస్తావన వచ్చింది. అది రాసింది ఆడది కాదు, డాక్టర్ జాన్ హిల్ అనే పెద్దమనిషి అని ఆ వ్యాపారి చెప్పాడు. ఆ బల్ల దగ్గరే నిఘంటువు రాసిన మహా పండితుడు శామ్యూల్ జాన్సన్ కూచున్నాడు. హిల్ రాశాడంటే ఆయనకీ నమ్మకం కుదరలేదు. అలాగని ఆడది రాసిందనీ ఒప్పుకోలేదు. ఆడవాళ్ళు నూలు చక్కగా వడుకుతారు గాని మంచి వంటపుస్తకం రాయలేరని తేల్చేశాడు. తాను రాస్తే శాస్త్రసూత్రాల మీద ఇంతవరకూ ఎవరూ రాయనంత గొప్పగా రాస్తానన్నాడు కూడా. రాశాడా? లేదు. మూడు పూటలా ఎవరో వండిపెట్టినదే తింటూ ఈ మాట అన్నాడు మహానుభావుడు! ఆయన వెంట తిరిగిన బాస్వెల్ దీన్నంతా శ్రద్ధగా రాసిపెట్టాడు. ఆ పుస్తకం హన్నా గ్లాసుదే అని ఆధారాలతో నిగ్గుతేల్చింది మళ్ళీ ఓ స్త్రీయే. మాడిలిన్ హోప్ డాడ్స్ అనే చరిత్రకారిణి, 1938లో. అంటే పుస్తకం వచ్చిన నూట తొంభై ఒక్క ఏళ్ళకి.

గ్లాసమ్మ గిన్నెలో పండు మీగడలో కలిసిపోయింది, చార లేదు. చార వున్నది వాళ్ళ పాత వంటల్లో 'ఫూల్' అనే దానిలో. పిచ్చివాడనే అర్థం వచ్చే మాటే, స్పెల్లింగు కూడా అదే. ఉడికించి నలిపిన పుల్లటి పండుని చిక్కటి మీగడలోకి వేసి, గరిటెతో రెండు మడతలు మడిచి వదిలేస్తారు. తెలుపులో రంగు తీగలు పాకినట్టు వుంటుంది. పదిహేడో శతాబ్దం నుంచీ ఇంగ్లీషు ఇళ్ళల్లో వున్నదే. స్కాట్లండులో రాస్‌బెర్రీలూ, మీగడా, వేయించిన ఓట్సూ, రెండు చుక్కల విస్కీ వేసి క్రానకన్ అని చేసుకుంటారు. మా చెల్లెలు విస్కీ మానేసి తేనె వేసింది. మా మరిదిగారు నా ఎదుట ఏమీ అనలేక వూరుకున్నారు పాపం.

ఇక మంచు మాట. పద్దెనిమిదో శతాబ్దంలో మంచంటే జమీందారుల సరుకు. చలికాలంలో చెరువుల మీద కోసి, నేలలో గోతులు తీసి దాచుకునేవారు. అమెరికాలో మసాచుసెట్స్ చెరువుల మంచుని రంపపు పొట్టులో కప్పి ఓడల మీద మన మద్రాసు దాకా తెచ్చారంటే నమ్ముతారా? 1842లో దానికోసం సముద్రం ఒడ్డున కట్టిన గుండ్రటి మేడే ఐస్‌హౌస్. 1897లో వివేకానందుడు బస చేసింది ఆ మేడలోనే. మద్రాసులో చదువుకున్న మన తెలుగువాళ్ళు ఎందరో ఐస్‌హౌస్ బస్‌స్టాపులో దిగినవాళ్ళే.

మంచు చవకైతే చాలదు, తిప్పే చెయ్యి కూడా కావాలి. లోపల డబ్బా, బయట చెక్కతొట్టి, పైన పిడి తిప్పితే డబ్బాలో తెడ్డు తిరిగే యంత్రానికి 1843 సెప్టెంబరులో అమెరికాలో పేటెంటు పుచ్చుకున్నది నాన్సీ జాన్సన్ అనే ఫిలడెల్ఫియా స్త్రీ. మా పుట్టింట్లో అలాంటిదే ఒకటి వుండేది. వేసవి సెలవుల్లో పిల్లలందరం వంతులవారీగా వందేసి చుట్లు తిప్పేవాళ్ళం. మా మేనమామ కొడుకు తొంభై దాకా తిప్పి వందయిందనేవాడు. అది ఓ ఆడమనిషి ఆలోచనే అని అప్పుడు తెలిస్తే మా అమ్మమ్మ ఎంత సంబరపడేదో.

లండనులో ఆగ్నెస్ మార్షల్ అనే ఆవిడ ఇంకో అడుగు వేసింది. 1883లో వంటల పాఠశాల తెరిచింది. 1885లో ఐసుల మీదే ఓ పుస్తకం, 1894లో ఇంకొకటి రాసింది. కొద్ది నిమిషాల్లో ఐస్‌క్రీం చేసే వెడల్పాటి యంత్రం తయారుచేయించి అమ్మింది. ఐస్‌క్రీంని బాదం పిండితో చేసిన కోన్‌లో పెట్టుకోవచ్చని 1888లోనే రాసింది. ద్రవరూపంలోకి మార్చిన వాయువుతో భోజనాల బల్ల దగ్గరే ఐస్‌క్రీం చేయవచ్చని 1901లో సూచించింది. ఈనాడు పెద్ద హోటళ్ళలో పొగలు కక్కిస్తూ చేసి చూపిస్తున్నారే, ఆ విద్యే. 1905లో ఆవిడ పోయింది. హక్కులు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాయి. వందేళ్ళ పాటు ఆ పేరు తలుచుకున్నవారు తక్కువ.

పేరు నిలిచిన ఆడవాళ్ళు లేరా అంటే ఒకరున్నారు. అయితే ఆవిడ వంటింటి మనిషి కాదు, సంగీతం మనిషి. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరంలో 1861లో పుట్టిన హెలెన్ మిచెల్. పాడటానికి యూరపు వెళ్ళి, పుట్టిన వూరి పేరులో ముక్క తీసుకుని నెల్లీ మెల్బా అయింది. 1890ల మొదట్లో లండనులో సవాయ్ హోటల్లో దిగేది. ఆ హోటలు వంటశాల ఏలుతున్నవాడు ఎస్కోఫియే, ఫ్రెంచి వంటవాళ్ళకి చక్రవర్తిలాంటివాడు. 'లోహెన్‌గ్రిన్' అనే సంగీత నాటకంలో హంస లాగే పడవ వస్తుంది. దాన్ని గుర్తుచేస్తూ ఆయన మంచుగడ్డని హంసలా చెక్కించి, రెక్కల మధ్య వెనిలా ఐస్‌క్రీం, దానిమీద పీచ్ పండ్లు పెట్టి మెల్బాకి పంపించాడు. అప్పటికి ఎరుపు లేదు. తర్వాత 1899లో తెరిచిన కార్ల్‌టన్ హోటలుకి మారాక, దానిమీద రాస్‌బెర్రీ గుజ్జు పోసి 'పీచ్ మెల్బా' అని పేరు పెట్టాడు. తెల్లటి వెనిలా మీద పుల్లటి ఎరుపు ఎంత బాగుంటుందో పెద్దింటివాళ్ళకి అలవాటు చేసింది ఆ పళ్ళెమే. తిన్నావిడ పేరు దానికి, వండినాయన పేరు చరిత్రకి. ఆ వంటశాలలో రాస్‌బెర్రీలని జల్లెడ మీద నూరి గింజలు తీసిన చేతుల సంగతి ఎవరూ రాయలేదు. రాస్‌బెర్రీ గింజ తీయడమంటే ఎంత పనో చేసి చూస్తేగాని తెలియదు!

హోటలు పళ్ళెం నుంచి ఎరుపు వీధిలోకి దిగింది. వీధిలో ఐస్‌క్రీం అమ్మినవాళ్ళు ఇటలీ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. మొదట్లో చిన్న గాజుగ్లాసులో పెన్నీకి ఓ గుక్కెడు పోసి ఇచ్చేవారు. నాకి తిరిగిస్తే, అదే గ్లాసు నామమాత్రంగా కడిగి మరొకరికి. రోగాలు పాకుతున్నాయని 1899లో లండనులో ఆ గ్లాసుల్ని నిషేధించారు. తర్వాత కోన్లు వచ్చాయి, బళ్ళు పోయి స్కాట్లండులో, ఉత్తర ఇంగ్లండులో వూరూరా ఇటాలియన్ల కాఫీ హోటళ్ళు వెలిశాయి. కోను మీద సీసాతో ఎర్రటి రాస్‌బెర్రీ పాకం చారలు చారలుగా పిండి ఇవ్వడం వాళ్ళ అలవాటు. ఈశాన్య ఇంగ్లండులో ఆ పాకాన్ని 'కోతి రక్తం' అంటారు! పిల్లలు కొట్టుకెళ్ళి, కాస్త కోతి రక్తం వేయండి అంటారు. మనం వింటే కోను కిందపడేస్తాం.

కానీ నిజంగానే రక్తం కళ్ళచూసిన రోజులూ వచ్చాయి. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. ఆ రాత్రే బ్రిటన్‌లో ఎన్నో వూళ్ళల్లో ఇటాలియన్ల కొట్ల అద్దాలు పగలగొట్టారు. నిన్నటిదాకా పిల్లలకి ఐస్‌క్రీం అందించిన మనుషుల్ని పోలీసులు పట్టుకెళ్ళి నిర్బంధించారు. వాళ్ళల్లో కొందరిని కెనడా పంపించడానికి అరండోరా స్టార్ అనే ఓడ ఎక్కించారు. జూలై 2న జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. పోయినవాళ్ళు ఎనిమిది వందల మందికి పైగా. వారిలో నాలుగు వందలకు పైగా ఇటాలియన్లు. కాఫీ హోటలువాళ్ళూ, ఐస్‌క్రీంవాళ్ళూ, వంటవాళ్ళూ. ఇళ్ళ దగ్గర మిగిలిన భార్యలు పగిలిన అద్దాలు వూడ్చుకుని మళ్ళీ కొట్లు తెరిచారు. వేరే దారి ఏముంది?

1942లో బ్రిటన్‌లో ఐస్‌క్రీం తయారీనే నిషేధించారు. యుద్ధం అయిపోయినా పంచదార రేషను 1953 దాకా సాగింది. అది ఎత్తేశాక ఫ్యాక్టరీల చెయ్యి ఆడింది. ఈ చార ఇంటింటికీ చేరింది ఫ్యాక్టరీల చేతుల మీదుగానే. అందులో కిటుకేమిటంటే, ఐస్‌క్రీం యంత్రంలోంచి గట్టిగా రాదు. మన పెసరట్టు పిండి కంటే కాస్త చిక్కగా, మెత్తగా, సున్నాకి ఓ అయిదారు డిగ్రీల కింద వస్తుంది. ఆ సమయంలో సన్నటి గొట్టంతో పండు పాకం లోపలికి ఎక్కిస్తారు. మెత్తగా వుంటుంది కనుక పాకం మెలికలు తిరుగుతుంది. చిక్కగా వుంటుంది కనుక కలిసిపోదు. వెంటనే తీసుకెళ్ళి గడ్డకట్టిస్తే అల ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది. పాకంలో పంచదార ఎక్కువ వేస్తారు. పంచదార ఎక్కువైన పాకం అంత చలిలోనూ రాయి కాదు. అందుకే ఐస్‌క్రీం స్పూనుకి లొంగకపోయినా ఎర్రచార ఇట్టే వచ్చేస్తుంది. పిల్లలు దానికోసం సొరంగాలు తవ్వడంలో రుచి ఒక్కటే కాదు, తెలివి కూడా వుందన్నమాట.

ఆ రోజుల్లోదే ఆర్కిటిక్ రోల్ కూడా. చెకొస్లొవేకియా నుంచి వలస వచ్చిన ఎర్నెస్ట్ వెల్డెన్ అనే లాయరుగారు 1950ల చివర్లో ఈస్ట్‌బోర్న్‌లో ఫ్యాక్టరీ పెట్టి చేశాడు. లోపల వెనిలా ఐస్‌క్రీం, చుట్టూ రాస్‌బెర్రీ జాము, ఆపైన కేకు. కోస్తే తెల్లటి బిళ్ళ చుట్టూ ఎర్రటి గీత. వకీలు వృత్తి వదిలి చాపచుట్ట చుట్టి బతికాడు, సుఖపడ్డాడు. 1970లలో ఇళ్ళల్లోకి ఫ్రీజర్లు వచ్చాక ఆదివారం భోజనం తర్వాత ఆ చుట్ట ముక్కో, అట్టపెట్టెలోంచి చాకుతో కోసిన రాస్‌బెర్రీ రిపిల్ ముక్కో తింటూ పెరిగిన తరం ఒకటుంది అక్కడ. మా చెల్లెలి పక్కింటావిడకి ఇప్పుడు అరవై దాటాయి. ఆ పేరు చెబితే చాలు, మొహంలో పదేళ్ళ పిల్ల కనిపిస్తుంది.

ఇంత పాకానికి పండు ఎక్కడిదీ అని అడిగాను. ఆవిడ కిటికీలోంచి వాయవ్యం వైపు చెయ్యి చూపించింది.

డండీకి వాయవ్యంగా వున్న బ్లెయిర్‌గౌరీ అనే చిన్న వూరి చుట్టూ వందేళ్ళకు పైగా రాస్‌బెర్రీ తోటలు. వేసవిలో చల్లగా వుండి, పొద్దు బాగా పొడుగై, పండు నెమ్మదిగా పండుతుంది. డండీ అప్పట్లో జనపనార మిల్లుల వూరు. నార మన బెంగాలు నుంచి వెళ్ళేది. నేసేవాళ్ళల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు. జూలైలో సెలవులు రాగానే ఆ తల్లులు పిల్లల్ని వెంటేసుకుని బస్సులెక్కి తోటలకి వచ్చేవారు. గ్లాస్గో నుంచి వచ్చేవారు. గుడారాలతో వూరూరా తిరిగే సంచారుల కుటుంబాలూ వచ్చేవి. నడుముకి చిన్న బకెట్టు కట్టుకుని, రెండు చేతులా కోస్తే, తూకాన్ని బట్టి కూలి. ఆ డబ్బుతోనే పిల్లల స్కూలు బట్టలూ, బూట్లూ. మనకి పత్తితీతల్లో, మిరపకోతల్లో చూసే మొహాలే. రంగు ఒకటే తేడా. ఇప్పుడు ప్లాస్టిక్ కప్పుల కింద పెంచుతున్నారు, కోతకి తూర్పు యూరపు నుంచీ ఇంకా దూరం నుంచీ వస్తున్నారు. కోసే చెయ్యి మాత్రం సున్నితంగానే వుండాలి. నలిగితే పండు లేదు.

ఆ తోటల మీద ఓ పాట వుంది. పేరు 'ద బెర్రీఫీల్డ్స్ ఆఫ్ బ్లెయిర్'. కోతలకి ఎవరెవరు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చెప్పే పాట. 1950ల నాటికే తోటల్లో చాలామంది నోట నలిగింది. ఎడింబరోలో జానపద సాహిత్యం సేకరిస్తున్న హేమిష్ హెండర్సన్ దాన్ని విని, ఇది కట్టినదెవరో కనుక్కోమని 1954లో బ్లెయిర్‌గౌరీ కుర్రవాడు మారిస్ ఫ్లెమింగ్‌ని పంపించాడు. అతను వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ అడుగుతూ వెళ్ళి ఓ ఇంటి తలుపు తట్టాడు. తలుపు వెనక వున్నావిడ బెల్ స్టూవర్ట్. 1906లో టే నది ఒడ్డున ఓ గుడారంలో పుట్టిన సంచారుల ఆడపిల్ల. ఆ పాట నాదే అంది. అదొక్కటే కాదు, ఆవిడ దగ్గరా, ఆవిడ ఇంటిల్లిపాది దగ్గరా వందల ఏళ్ళ నాటి పాటలు వున్నాయని తేలింది. 1981లో రాణి ప్రభుత్వం పతకం ఇచ్చింది. 1997లో పోయేదాకా పాడుతూనే వుంది.

1955 వేసవిలో హెండర్సన్ టేపురికార్డరు పట్టుకుని ఆ తోటల్లోకే వచ్చి గుడారాల మధ్య మకాం పెట్టాడు. పగలంతా ఆడవాళ్ళు వరసల మధ్య పండు కోసేవారు. చీకటిపడ్డాక నెగడు చుట్టూ చేరి, ఎరుపెక్కిన వేళ్ళతోనే టీ కప్పులు పట్టుకుని, ఒకరి తర్వాత ఒకరు పాడేవారు.